నిద్రలో ఊపిరి లెక్క

2024 నవంబరు 18న ఢిల్లీ వాయు నాణ్యతా సూచిక 490 దాటింది. పొరుగు రాష్ట్రాల పొలాలలో కాల్చిన వరికొయ్యల పొగ, వాహనాల పొగ, చలికి నేలనంటి కదలని గాలి ఏకమై, ఆర్.కె.పురంలో మా వీధి చివరి వేపచెట్టును మాయం చేశాయి. పత్రికలు పసిపిల్లలను గూర్చి, వృద్ధులను గూర్చి వ్రాశాయి. ఆ రాత్రి మా ఇంట దగ్గినది మాత్రం చిన్ని.

చిన్ని పదకొండేళ్ల పొమరేనియన్. అది మనుషుల దగ్గు వంటిది కాదు. మెడ చాచి, పెద్ద బాతు అరిచినట్లు దగ్గి, చివరకు ఏదో కక్కబోయినట్లు చేసేది. గొంతులో ఎముక ఇరుక్కున్నదని మా ఆవిడ అనుమానం. నోరు తెరిచి టార్చి వేసి చూశాను, ఏమీ లేదు. తరువాత చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. నా దగ్గుమందు ఒక చెంచాడు దానికి పోయబోయాను. అదృష్టవశాత్తు అది మూతి తిప్పుకున్నది. మనం వాడే పారాసిటమాల్ వంటి మందులు కుక్కలకు ప్రాణాంతకం కావచ్చునని మర్నాడు గాని తెలియలేదు.

పశువైద్యురాలు చిన్నవయసు మనిషి. ఫోనులో పట్టి తెచ్చిన దగ్గును విని, ముందుగా చిగుళ్లు చూసింది. "గులాబి రంగులోనే ఉన్నాయి, అంకుల్‌జీ. ఇవి నీలం తిరిగినా, పడుకోలేక కూర్చుండి ఊపిరి లాగుతున్నా, తెల్లవారే దాకా ఆగవద్దు" అన్నది. ఎక్స్‌రేలో సంగతి బయటపడింది. శ్వాసనాళాన్ని తెరిచి ఉంచే మృదులాస్థి వలయాలు బలహీనపడి చదునవుతున్నాయి. చిన్నజాతి కుక్కలలో ఇది తరచు కనిపించేదే. పొగ, స్థూలకాయం, ఉద్వేగం దానిని పెంచుతాయి. మెడపట్టీ కూడా.

మెడపట్టీ! వాహనాలకు అడ్డం పోకుండా, చెత్తకుప్పల వైపు పరుగెత్తకుండా, పదకొండేళ్లు ఆ మెడనే పట్టి లాగాను. వ్యాధికి మూలం అది కాదని ఆమె ఓదార్చింది. ఓదార్పును వినడం వేరు, నమ్మడం వేరు. ఆనాడే ఛాతీ చుట్టూ కట్టే పట్టీ కొన్నాము. వేకువ నడక మానాము. శుక్రవారపు సాంబ్రాణి ధూపం కూడా మానవలసి వచ్చింది. మా ఆవిడ దానికి ఒప్పుకున్నందుకు ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

నన్నయగారి భారతంలో కథారంభాననే సరమ అనే దేవశునకం వచ్చి, ఏ తప్పూ చేయని తన బిడ్డను కొట్టారేమని జనమేజయుని నిలదీస్తుంది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని భయం కలుగుతుందని చెప్పి పోతుంది. చదువుకొనే రోజులలో ఆ ఘట్టాన్ని త్వరగా దాటేసేవాడిని. కంటికి కనిపించని ధూళికణాలు నిండిన ఈ ఇంద్రప్రస్థంలో అది తరచు జ్ఞాపకం వస్తున్నది. కావలివాడు ఎండుటాకులు రాజేసిన మంట పక్కన వెచ్చదనానికి ముడుచుకొని పడుకొనే వీధికుక్కకు ఎక్స్‌రే తీయించేదెవరు?

చిన్ని గుండె ఎడమభాగం కూడా కొంచెం పెరిగినదట. గాఢనిద్రలో నిమిషానికి ముప్పై ఊపిరులు దాటుతూ ఉంటే వెంటనే తీసుకురమ్మన్నది వైద్యురాలు. ఉద్యోగకాలమంతా దస్త్రాలలో అంకెలు సరిచూసినవాణ్ణి. విశ్రాంత జీవితంలో ఇదొక లెక్క దొరికింది. దీపం తగ్గించి, చేతిగడియారం తీసుకొని, దాని పక్కటెముకల మీద చూపు నిలిపి కూర్చునేవాణ్ణి. పొట్ట పైకి లేచి దిగితే ఒకటి. ఆ రాత్రి 28. మర్నాడు 26. మూడవనాడు లెక్క మధ్యలో అది కన్ను తెరిచి నన్ను చూసి తోక ఆడించింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.