కొమెడా అనే మారుపేరు

మారుపేర్లు పెట్టుకునేవాళ్లు సాధారణంగా రెండు రకాలు. కవులు ఒకరు, పోలీసులకు దొరక్కుండా తిరిగేవాళ్లు మరొకరు. పోలండులో ఒక డాక్టరుగారు మూడో రకం. పియానో వాయిస్తున్న సంగతి ఆస్పత్రిలో తోటి డాక్టర్లకు తెలియకూడదని పేరు మార్చుకున్నాడు!

అసలు పేరు క్షిష్తోఫ్ త్షిచిన్‌స్కీ. 1931 ఏప్రిల్ 27న పోజ్నాన్ నగరంలో పుట్టాడు. చిన్నప్పుడే పోలియో వచ్చి కాలు కాస్త కుంటుపడింది. పియానో పాఠాలు మొదలయ్యాయో లేదో, యుద్ధం వచ్చిపడింది. తర్వాత వైద్యం చదివి, చెవి, ముక్కు, గొంతు డాక్టరయ్యాడు. చెవి జబ్బులు చూసేవాడికి మంచి చెవి ఉండటం వింతేమీ కాదు గానీ, ఆ చెవి కోరుకున్నది మాత్రం జాజ్‌ని.

అదే చిక్కు. స్టాలిన్ రోజుల్లో అక్కడి ప్రభుత్వానికి జాజ్ అంటే అమెరికా నుంచి వచ్చిన తెగులు. కుర్రాళ్లు స్నేహితుల ఇళ్లల్లో చేరి చాటుగా వాయించుకునేవారు. 1953లో స్టాలిన్ పోయాక పట్టు సడలింది. 1956 ఆగస్టులో సోపోట్ పట్టణంలో జాజ్ ఉత్సవం జరిగితే, అందులో తన బృందంతో వాయించి పేరు తెచ్చుకున్నాడు మన డాక్టరు. ఏ పేరు? కొమెడా!

నేను డిగ్రీ చదువుతూ సాయంత్రాలు వయొలిన్ నేర్చుకుంటున్నాను. ఇంటికెళితే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న, "దీంతో అన్నం వస్తుందటోయ్?" అందుకే ఈయన కథ నన్ను పట్టుకుంది. ఆయన కోపంతో చదువు మానేయలేదు. డిగ్రీ పూర్తిచేశాడు, ఉద్యోగమూ చేశాడు. సంగీతం తన బరువు మోయగలదని తేలాకే స్టెతస్కోపు పక్కన పెట్టాడు.

1958లో పొలాన్‌స్కీ అనే సినిమా విద్యార్థి తీసిన చిన్న చిత్రానికి సంగీతమిచ్చాడు. ఆ స్నేహం 'నైఫ్ ఇన్ ద వాటర్' (1962) మీదుగా హాలీవుడ్ దాకా సాగింది. 1968లో వచ్చిన 'రోజ్‌మేరీస్ బేబీ'లో నాయిక మియా ఫారో మాటల్లేకుండా పాడే జోలపాట ఆయన బాణీయే. జోలపాట వింటే నిద్ర రావాలి కదా, ఇది వింటే ఉన్న నిద్ర పోతుంది!

1965 డిసెంబరులో రికార్డు చేసిన 'ఆస్టిగ్మాటిక్' ఆయన గొప్ప ఆల్బమ్. పేరు చూశారా, కంటి దోషం పేరు! డాక్టరు బుద్ధి పోలేదు. మా సీనియర్ ఒకాయన వినిపిస్తే మొదట తలా తోకా తెలియలేదు. ఇరవై నిమిషాలు దాటిన మొదటి పాటలో పల్లవి కోసం వెతికాను. మూడోసారి విన్నప్పుడు వెతకడం మానేశాను, అప్పుడు వినిపించింది. పియానో ముందుకు రాదు. తొమాష్ స్టాంకో ట్రంపెట్‌కి దారిచ్చి, వెనకనుంచి నడిపిస్తుంది.

1968 చివర్లో లాస్ ఏంజెలిస్‌లో పడిపోయి తలకు దెబ్బ తగిలింది. స్పృహ లేని స్థితిలోనే స్వదేశానికి తెచ్చారు. 1969 ఏప్రిల్ 23న వార్సాలో కన్నుమూశాడు. ఇంకో నాలుగు రోజులుంటే ముప్ఫయ్యెనిమిది నిండేవి. స్టాంకో ఆయన్ని మరిచిపోలేదు. 1997లో కొమెడా బాణీలతోనే 'లిటానియా' అనే ఆల్బమ్ తెచ్చాడు.

డాక్టరు త్షిచిన్‌స్కీ ఎవరంటే ఇవాళ చెప్పేవాళ్లు తక్కువ. దాచుకున్న పేరే నిలిచింది. మిత్రులారా, మన క్లాసుల్లోనూ నోట్సు వెనక పేజీల్లో మారుపేర్లు రాసుకున్నవాళ్లు ఉండే ఉంటారు. చదువు మానొద్దు. ఆ పేజీ మాత్రం చింపకండి.