సెలవు మీద ఇంటికొచ్చిన సిపాయి

మొన్న శనివారం సాయంత్రం ఎల్బీనగర్ రింగ్‌రోడ్డు దగ్గర సూర్యాపేట బస్సు కోసం నిలబడ్డాను. మా కాలేజీ పిల్లవాడొకడు కనిపించాడు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు. భుజాన సంచి. అగ్నివీర్ రాతపరీక్ష పాసయ్యాడట, ఫిజికల్ టెస్టుకి ముందు ఊళ్ళో పరుగు ప్రాక్టీసు చేసుకోవడానికి నల్గొండ బస్సెక్కుతున్నాడు. నన్ను చూసి తడబడ్డాడు. పోయిన నెలే క్లాసులో రెమార్క్ నవల 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' గురించి గంటసేపు చెప్పాను మరి.

"సార్, మీరు పోవద్దంటరు కదా?"

నోట మాట రాలేదు. ఆ నవలలో కాంటొరెక్ అనే పంతులు ఉంటాడు. ఉపన్యాసాలు దంచి క్లాసు మొత్తాన్ని పటాలంలో చేర్పిస్తాడు. నేను ఆ పంతుల్ని కాను అనుకోవడం తేలికే. కానీ పొమ్మనే పంతులుకీ జీతం ఉంది, వద్దనే పంతులుకీ జీతం ఉంది. వీడికే లేదు. మొదటి ఏడాది నెలకు చేతికొచ్చేది 21,000. నాలుగేళ్లయ్యాక నూటికి 25 మందినే ఉంచుకుంటారు. ఈ లెక్క మీద కోపంతోనే 2022 జూన్ 17న పిల్లలు సికింద్రాబాద్ స్టేషన్లో పట్టాల మీదికొచ్చారు, కాల్పుల్లో ఒకడు చనిపోయాడు. ఇవాళ ఆ నాలుగేళ్ల కోసమే పొద్దున్నే లేచి ఉరుకుతున్నారు.

1929లో పుస్తకంగా వచ్చిన రెమార్క్ నవల నాకిష్టం. ఆకలి, పేలు, చచ్చిపోతున్నవాడి బూట్ల కోసం స్నేహితుడు ఎదురుచూడడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. సిపాయి బతుకు అంటే అదే. అయితే ఒక్క అధ్యాయం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. పాల్ సెలవు మీద ఇంటికొస్తాడు. ఊరు వాడికి పరాయిదైపోతుంది. ఎవరితోనూ మాట కలవదు.

మా పెదబాపుకి అట్లా కాలేదు. ఆయన 1971 యుద్ధంలో మిలిటరీ లారీ నడిపాడు. సెలవు మీద ఊరికొస్తే ఊరు పరాయిది కాలేదు, మరీ బాగా గుర్తుపట్టింది. యూనిఫారం మీదనే హోటల్‌కి పోతే, చూరులో చెక్కిన గ్లాసు తీసి దాంట్లో చాయ్ పోశారట. తాగి, గ్లాసు కడిగి, మళ్ళీ చూరులోనే పెట్టి వచ్చాడు. యుద్ధం గురించి గంటలు గంటలు చెప్పేవాడు. ఈ ముచ్చట మాత్రం ఒక్కసారే చెప్పాడు, అదీ తాగినప్పుడు.

ఈ అధ్యాయం ఏ యుద్ధ నవలలో ఉంది? ముల్క్‌రాజ్ ఆనంద్ 'అక్రాస్ ది బ్లాక్ వాటర్స్' రాశాడు. పోయిన భూమి తిరిగొస్తుందన్న ఆశతో పంజాబు రైతుబిడ్డ లాలూ మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్లాండర్స్ బురదలో పోరాడతాడు. గొప్ప పుస్తకం. కానీ పోగొట్టుకోవడానికి వాళ్ళకు భూమన్నా ఉండేది. మన సినిమాల్లో 2015లో వచ్చిన 'కంచె' రెండో ప్రపంచ యుద్ధాన్నీ ఊరి కులాన్నీ ఒకే తెర మీదికి తెచ్చింది. ఆ ధైర్యానికి దండం. అందులోనూ హీరో కెప్టెన్, హీరోయిన్ అన్న కల్నల్. లారీ నడిపేవాడు, వంటవాడు, గుంట తవ్వేవాడు మనకు ఎప్పుడూ వెనక వరసలోనే కనబడతారు.

మరి ఆ అధ్యాయం రాసిందెవరు? నాకు తెలిసి అంబేడ్కర్. నవల కాదు, సొంత గోడు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో 1901 నాటి ప్రయాణం ఉంది. తండ్రి రాంజీ పటాలంలో సుబేదారుగా చేసినవాడు. పిల్లలు మంచి బట్టలేసుకుని తండ్రి దగ్గరికి బయల్దేరారు. మసూర్ స్టేషన్లో దిగి మహర్లమని చెప్పేసరికి బండివాళ్ళు ముఖం తిప్పేశారు. చివరికి రెట్టింపు బాడుగ ఇచ్చి, బండి తామే తోలుకుంటూ పోయారు. బండివాడు పక్కన నడిచాడు. తాగడానికి నీళ్లు దొరకలేదు. సుబేదారు చేసిన కొలువు ఆయన పిల్లలకు ఒక చెంబు నీళ్లు కూడా తెచ్చిపెట్టలేదు. దీన్ని యుద్ధ సాహిత్యం అని ఏ సిలబస్సూ అనదు. నేను అంటాను, వచ్చే సెమిస్టరు రెమార్క్ పక్కనే పెట్టి చెప్తాను.

ఇదంతా బస్టాపులో వాడికి చెప్పలేదు. పెదబాపు చాయ్ సంగతి ఒక్కటే చెప్పాను. వాడు కాసేపు రోడ్డు వైపు చూశాడు. "మా ఊళ్ళె ఇప్పుడు డిస్పోజబుల్ కప్పులొచ్చినయ్ సార్, అందరికీ అవే," అన్నాడు. నవ్వాడో లేదో ఆ చీకట్లో తెలియలేదు.

పొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. సెలవులెన్ని ఇస్తారని అడిగాను.

"ఏడాదికి 30 రోజులు సార్," అన్నాడు టక్కున. నల్గొండ బస్సొచ్చింది.