తిథి లేని ఆటగాడు

మా ముమ్మిడివరంలో కొబ్బరిమట్టను చెక్కి బ్యాటు చేసుకొని ఆడిన బాల్యం నాది. ఎడమచేతివాటం వాడొకడు ఎదురైతే బంతి ఎక్కడ వేయాలో తోచక తికమకపడేవాళ్లం. కోటా రామస్వామి గారూ ఎడమచేతి బ్యాట్స్‌మనే అని చదివినప్పుడు నాకు మొదట ఆ తికమకే గుర్తుకు వచ్చింది.

ఆయన 1896 జూన్ 16న మద్రాసులో ఒక తెలుగింట జన్మించారు. దక్షిణాది క్రికెట్ పితామహుడనిపించుకొన్న బుచ్చిబాబు నాయుడు గారి కుమారుడు. దత్తత వెళ్లడం వలన ఇంటిపేరు కోటా అయింది. 1922లో డేవిస్ కప్పులో మనదేశం తరఫున టెన్నిస్ ఆడారు. టెస్టు క్రికెట్ పిలుపు మాత్రం నలభై ఏళ్లు నిండాక గానీ రాలేదు.

1936 ఇంగ్లండు పర్యటన అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది విజయనగరం మహారాజకుమారుడి నాయకత్వమూ, అమర్‌నాథ్‌ను నడిమధ్యలో ఇంటికి పంపేసిన రభసా. (విజ్జీని తిట్టుకోవడంలో మనకున్న శ్రద్ధ ఆనాటి స్కోర్లు చూడటంలో ఉండదు!) ఆ రభస నడుమనే రామస్వామి గారు మాంచెస్టరులో 40, 60, ఓవల్‌లో 29, 41 నాటౌట్. రెండు టెస్టులు, 170 పరుగులు, సగటు 56.66. అంతే. యుద్ధం ముగిసి మనవాళ్లు మరో టెస్టు ఆడేసరికి 1946 వచ్చింది. ఆయనకప్పుడు యాభై ఏళ్లు. 1952-53లో వెస్టిండీస్ వెళ్లిన జట్టుకు మేనేజరుగా వ్యవహరించారు.

ఇంతవరకూ అయితే నేనిది రాసేవాణ్ణి కాను. 1985 అక్టోబరు 15న, ఎనభైతొమ్మిదేళ్ల వయసులో ఆయన ఇల్లు విడిచి వెళ్లారు. తిరిగి రాలేదు. ఏమయ్యారో ఎవరికీ తెలియలేదు. పుట్టినతేదీ పక్కన ఉండవలసిన రెండో తేదీ లేదు.

మా చిన్నతాతయ్య కూడా అలాగే వెళ్లిపోయాడు. భుజాన తువ్వాలు వేసుకొని, చెప్పులు అరుగు మీదే వదిలేసి. ఆ చెప్పులను మా నాయనమ్మ చాలా ఏళ్లు ఎవరినీ కదపనివ్వలేదు. పోయిన తిథి తెలియదు గనుక నాన్న ఏటా మహాలయ అమావాస్యనాడు ఆయన పేర కూడా నీళ్లు వదులుతారు. రామస్వామి గారి కథ మొన్న నాన్నకు చదివి వినిపించాను. స్కోర్ల దగ్గర ఊఁ కొట్టలేదు. చివరిదాకా విని, కళ్లజోడు తీసి తుడుచుకొంటూ అడిగారు:

"ఆయనక్కూడా అమావాస్యనాడే పెడతారేమిట్రా?"