వీపు వెనక

కాలేజీలో ప్రబంధాలు పాఠం చెప్పుకుని బతికే నేను, నలభై ఆరో యేట కత్తి పట్టి రాక్షసులను నరకవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. మా అబ్బాయి ధర్మమా అని ఆ ముచ్చటా తీరింది.

ఇంటరు పరీక్షలయిన నాటినుంచీ వాడు వీడియో గేము ముందునుంచి కదలడు. ఒకనాడు ఉండబట్టలేక కేకలేశాను. "నువ్వొక్కసారి ఆడి, అప్పుడు తిట్టు నాన్నా" అన్నాడు. పంతం కొద్దీ కూర్చున్నాను.

మొదట 2001లో వచ్చిన 'డెవిల్ మే క్రై' పెట్టాడు. అందులో కెమేరా మన చేతిలో ఉండదు. గదికొక మూల దాని చోటు ముందే నిర్ణయించి పెట్టారు. నేను ఠీవిగా నడిచి వెళ్ళేసరికి దృశ్యం చటుక్కున మారింది. ఎటు పోతున్నానో తెలియక గోడకు గుద్దుకున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది.

తరువాత 2005 నాటి 'గాడ్ ఆఫ్ వార్'. అందులోనూ కెమేరా పెత్తనం ఆట చేసినవాళ్ళదే. కుడి స్టిక్కు ఉన్నది కెమేరా తిప్పడానికి కాదు, దొర్లి తప్పుకోవడానికి. అయితేనేం, దూరంనుంచి శత్రువులు గుంపులుగా కనిపిస్తారు. గొలుసులకు కట్టిన కత్తులు గిరగిర తిరిగి, చుట్టూ మూగినవాళ్ళను ఒక్కసారే కోసేస్తాయి. బొత్తాములన్నీ దబదబా నొక్కే నాబోటివాడికి ఇంతకన్న ఏం కావాలి?

మా వాడి తరహా వేరు. 2005లోనే వచ్చిన 'డెవిల్ మే క్రై' మూడో భాగంలో 'రాయల్‌గార్డ్' అని ఒక పద్ధతి ఉంది. దెబ్బ తగలబోయే క్షణంలోనే కాచుకోవాలి. అలా కూడబెట్టిన బలాన్నంతా ఒక్క పోటులో తిప్పికొట్టాలి. వాడు గంటసేపు ఆ ఓపికతోనే ఆడాడు.

"నువ్వు ఎదుటివాడు ఏం చెయ్యబోతున్నాడో చూడకుండానే కొట్టేస్తావు నాన్నా" అన్నాడు నవ్వుతూ.

వాడు ఆట సంగతే అన్నాడు. నాకు మాత్రం బల్లమీది ఇంజనీరింగు దరఖాస్తులు గుర్తుకొచ్చాయి. వాటిని వాణ్ణి అడక్కుండానే నింపి పెట్టాను.

చివరికి 2018లో వచ్చిన 'గాడ్ ఆఫ్ వార్' పెట్టాడు. ఆ పాత వీరుడే, ఇప్పుడు కొడుకును వెంటబెట్టుకు తిరుగుతున్నాడు. కెమేరా వచ్చి సరిగ్గా అతని భుజం వెనక నిలిచింది. మనమే తిప్పుకోవచ్చు. కాని దగ్గరగా ఉన్నందువల్ల ఎదుట ఉన్నదే తప్ప వెనక ఉన్నది కనిపించదు. వెనకనుంచి ఎవడైనా వస్తుంటే చిన్న బాణపు గుర్తులు చూపిస్తాయి. ఆ పిల్లవాడు అరిచి హెచ్చరిస్తాడు. నేను గుర్తులూ చూడలేదు, అరుపూ వినలేదు. ముందున్నవాణ్ణి నరకడంలోనే ఉండి, వెనకవాడి చేతిలో చచ్చాను.

"చెబుతూనే ఉన్నాడు కదా నాన్నా!" అన్నాడు మా వాడు.

కాసేపు ఊరుకుని, "నీకేం చదవాలని ఉందిరా?" అని అడిగాను.

వాడు నావంక వింతగా చూశాడు. వెంటనే జవాబు చెప్పలేదు. "రేపు చెబుతాను" అన్నాడు మెల్లిగా.

దరఖాస్తులకు ఇంకా నాలుగు రోజుల గడువుంది. ఆటలో నేను ఇప్పటికీ చస్తూనే ఉన్నాను. కాకపోతే, ఈమధ్య వెనకనుంచి కేక వినబడగానే కెమేరా తిప్పుతున్నాను.