పవన్ రేటు పంచాయితీ, మన తమ్ముని బూట్లు



నిన్న రాత్రి గోదావరిఖనిల మా రూంలో మళ్లీ తెలుగు టైటాన్స్ పంచాయితీ. సెకండ్ షిఫ్ట్ దిగొచ్చిన అన్న అన్నం కూడా తినకుండ కూసున్నడు.

2023 వేలంలో పవన్ సెహ్రావత్‌కు 2 కోట్ల 60 లక్షలు పెట్టిన్రు. ఆ సీజన్‌ల 22 మ్యాచులకు గెలిచింది రెండే. "ఒక్క రైడర్‌కే అంత పోస్తే కవర్లకు, కార్నర్లకు ఏం మిగులుతది?" అని సగం మంది. "మరి అర్జున అవార్డు ఊకెనే ఇచ్చిన్రా?" అని మిగిలినోళ్లు. మేమైతే మొదటోళ్ల దిక్కే. అవార్డు ఒక్కనికి వస్తది, కోర్టుల ఏడుగురు ఉండాలె. 2024ల అదే మనిషి రేటు 1 కోటి 72 లక్షలు, 2025ల తమిళ్ తలైవాస్‌కు పోయింది 59 లక్షల చిల్లరకు. బొగ్గు గ్రేడు కూడ ఇంత తొందరగ పడిపోదని అన్న నవ్విండు.

అప్పటిదాకా మూలకు కూసున్న మహాముత్తారం దిక్కు కోయ తమ్ముడు అన్నడు: "అన్నా, మ్యాట్ మీద నిలబడితేనే గదా రేటు."

ఎవ్వరం సప్పుడు చేయలే. పోయినసారి సెలక్షన్లకు వాడు పోయిండు. ఊర్ల మట్టి మీద ఆడిన కాళ్లు, మ్యాట్ ఎన్నడు తొక్కలే. బూట్లు లేకపోతే ఆడనియ్యమన్నరు. ఎవరివో అడుక్కొని తొడిగిండు, వదులైనయ్, మొదటి రైడ్‌లనే జారిండు. రెండో రైడ్ ఇయ్యలే. మా హాస్టల్ పోటీలల్ల బెస్ట్ రైడర్ కప్పు తెచ్చింది వాడే. కోట్ల లెక్కలు నోటికొచ్చిన మాకు ఆ రోజు వాని కాలు సైజు తెల్వదు.

ఇప్పుడు తెలుసు, ఎనిమిది. తలా వంద వేసినం, ఇంకొంచెం తక్కువ పడుతున్నది. వారానికి రెండు పొద్దులు మ్యాట్ మీద ఆడనిచ్చేటోళ్లు ఎవరన్నా తెలిస్తే కింద రాయండి. పవన్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.