ఖాళీ పుట

ములుగు ప్రాంతంలోని ఒక జూనియర్ కళాశాలలో తెలుగు అధ్యాపకుడు విద్యార్థుల చేత ఒక వ్యాసం రాయించాడు. 'నాకు ఇష్టమైన పుస్తకం' అన్నది విషయం. గంట మోగే వేళకు అందరూ కాగితాలు అప్పగించారు. ఒకరు రామాయణాన్ని గురించి, మరొకరు గాంధీజీ ఆత్మకథను గురించి, ఇంకొకరు ఇంట్లో అటుక మీద దొరికిన పాత చందమామ సంచికలను గురించి రాశారు. వెనుక వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి మాత్రం శీర్షిక రాసి, దాని కింద గీత గీసి, మిగిలిన పుటనంతా ఖాళీగా వదిలివేసింది.

ఆ అమ్మాయి మేడారం సమీపంలోని ఒక కోయగూడెం నుండి వచ్చి, వసతిగృహంలో ఉండి చదువుకుంటున్నది. వాళ్ళ ఇంట్లో కళాశాల గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. అధ్యాపకుడు కోప్పడలేదు. కారణమేమిటని అడిగాడు.

"మా ఇంట్లో బడి పుస్తకాలు తప్ప వేరే పుస్తకాలు లేవు సార్. ఇష్టమైనది ఏదని రాయాలి?" అని ఆమె తల వంచుకొని చెప్పింది. కొంతసేపు ఆగి, "మా నాయనమ్మ చెప్పే సమ్మక్క కథ అంటే నాకు ఇష్టం. కానీ అది పుస్తకం కాదు గదా!" అన్నది.

ఆ మాటలో అబద్ధం లేదు. అయినా ఆ మాట దగ్గర ఆగి ఆలోచించవలసిన అవసరం ఉన్నది. ఇంట్లో పుస్తకాల బీరువా ఉన్నవారే చదువరులా? అక్షరాలలోకి రానిదంతా చదువుకు వెలుపలిదేనా? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి మేడారం కంటె తగిన చోటు మరొకటి ఉండదు.

మేడారం గోదావరి పరీవాహకంలోని అడవుల మధ్య ఉన్న చిన్న గ్రామం. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2019 నుండి ములుగు జిల్లాలో ఉన్నది. రెండేళ్ళకొకసారి మాఘశుద్ధ పౌర్ణమి వేళ ఇక్కడ సమ్మక్క సారలమ్మల జాతర జరుగుతుంది. 1996లో ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా గుర్తించింది. కన్నెపల్లి నుండి సారలమ్మ, మరునాడు చిలకలగుట్ట నుండి సమ్మక్క గద్దెల మీదికి వస్తారు. అక్కడ విగ్రహాలు ఉండవు. వెదురు కర్ర, కుంకుమ భరిణె మాత్రమే దేవతల గుర్తులు. వాటిని తెచ్చేవారు కోయ పూజారులు. లక్షల మంది జనం ఎత్తు బెల్లాన్ని 'బంగారం' అని పిలుస్తూ గద్దెలకు సమర్పించుకుంటారు.

ఇంత పెద్ద జాతరకు ఆధారం ఏ గ్రంథమూ కాదు. వచ్చినవారిలో చాలామంది చేతిలో ఏ పుస్తకమూ ఉండదు. అయినా కథ అందరికీ తెలుసు. అడవిలో పులుల నడుమ దొరికిన పసిబిడ్డ సమ్మక్క. ఆమె పగిడిద్దరాజును పెండ్లాడింది. కరువు వచ్చి పంటలు ఎండిపోయిన కాలంలో కప్పం కట్టలేమని గిరిజనులు చెప్పగా, కాకతీయుల సేన వారి మీదికి వచ్చింది. ఆ పోరులో సమ్మక్క భర్తను, బిడ్డలను పోగొట్టుకున్నది. కొడుకు జంపన్న ప్రాణాలు విడిచిన సంపెంగవాగు నాటి నుండి జంపన్నవాగు అయినది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి కనుమరుగైనది. వెదకిన వారికి కుంకుమ భరిణె మాత్రం దొరికింది. ఈ కథను తల్లి బిడ్డకు, అవ్వ మనుమరాలికి చెప్పుకుంటూ వచ్చారు.

నోటి మాట ఒక్కటే కాదు, కోయలకు తమదైన ఒక చదువు కూడా ఉన్నది. వారి డోలి కళాకారుల వద్ద 'పడిగె' అనే బొమ్మల గుడ్డ ఉంటుంది. తమ మూలపురుషుల, వీరుల గాథలు దాని మీద బొమ్మలుగా ఉంటాయి. కళాకారుడు డోలి వాయిస్తూ ఆ బొమ్మలకు సంబంధించిన కథను గానం చేస్తాడు. పుస్తకం చదివేవాడు అక్షరం వెంట కన్ను నడిపినట్లే, అతడు బొమ్మ వెంట పాట నడుపుతాడు. మణుగూరు ప్రాంతానికి చెందిన సకిని రామచంద్రయ్య ఇటువంటి కళాకారుడు. సమ్మక్క సారలమ్మల గాథను కోయభాషలోను, తెలుగులోను పాడిన ఆయనకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. 2024లో ఆయన కన్నుమూశారు. అటువంటి కళాకారుడు మరణించినప్పుడు, ఆయన పాటలలో ఎవరూ నేర్చుకోనివి, ఎవరూ రాసి పెట్టుకోనివి ఆయనతోనే వెళ్ళిపోతాయి. నోటి చదువుకు ఉన్న గొప్ప బలం దాని ప్రాణమే. దానికి ఉన్న పెద్ద అపాయమూ అదే.

ఈ అపాయం నుండి కాపాడేది అచ్చు పుస్తకం. అందుచేత నోటి కథ ఉన్నది గదా అని పుస్తకాన్ని తోసిపుచ్చరాదు. తెలంగాణలో తెలుగు పుస్తకం కోసం పెద్దలు పడిన పాట్లు తక్కువైనవి కావు. పాలనలో ఉర్దూ చెలామణి అవుతున్న నిజాం రాజ్యంలో 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం ఏర్పడింది. తెలుగు పుస్తకం దొరకడమే అరుదైన ఆ రోజులలో ఈ గ్రంథాలయాలు ఎందరికో చదివే అలవాటు నేర్పాయి.

వట్టికోట ఆళ్వారుస్వామి జీవితం ఇందుకు చక్కని ఉదాహరణ. పేదరికం వల్ల ఇతరుల ఇళ్ళలో వంటపని చేస్తూ ఆయన చదువుకున్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, తెలంగాణ రచయితల పుస్తకాలు ప్రచురించారు. తానే వాటిని మోసుకొని తిరిగి అమ్మారు. తరువాతి కాలంలో 'ప్రజల మనిషి' నవల రాశారు. చదివే అలవాటు ఆయనను మొదట పుస్తకాలు పంచేవానిగా, అటు తరువాత పుస్తకం రాసేవానిగా చేసింది. ఓరుగల్లు సీమలోనే పుట్టిన పి.వి. నరసింహారావు విశ్వనాథ సత్యనారాయణ రచించిన 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించారు. ఇష్టపడి చదివినదాన్ని ఇతరులకు అందించాలన్న కోరిక నిజమైన చదువరికి సహజంగా కలుగుతుంది.

అయితే ఎన్ని పుస్తకాలు చదివాడన్న లెక్కతో చదువరి విలువ తేలదు. ఎలా చదివాడన్నదే ముఖ్యం. ఈ విషయంలో సురవరం ప్రతాపరెడ్డిని ఆదర్శంగా చెప్పుకోవచ్చు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా ఆయన 1934లో 354 మంది కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ప్రచురించారు. ఆ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో ఆ పురస్కారం పొందిన మొదటి గ్రంథం అదే.

ఆ పుస్తకం ఒక చదువరి తన అభిమాన కావ్యాలను ఎలా చదివాడో తెలియజేస్తుంది. పండితులు ప్రాచీన కావ్యాలలో రసాన్ని, అలంకారాలను వెదికారు. ప్రతాపరెడ్డి వాటితో పాటు సామాన్య జనుల బ్రతుకును వెదికారు. వారు ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ దేవతలకు మొక్కారు అని ప్రతి పద్యాన్నీ ప్రశ్నించారు. 'క్రీడాభిరామం'లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులలో తిరుగుతారు. వారి వెంట నడిచే పాఠకునికి పూటకూళ్ళ ఇల్లు కనిపిస్తుంది. పలనాటి వీరుల గాథ పాడే పాట వినిపిస్తుంది. పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో ఆనాటి జనం పాడుకునే పాటల రకాలను పేర్కొన్నాడు. ఇటువంటి చోట్ల ఒక్క క్షణం ఆగి చూసేవానికి కావ్యం కొత్త గ్రంథంగా కనబడుతుంది.

ఇలా చదివేవానికి మరొక సంగతి కూడా తడుతుంది. విద్యానాథుడు సంస్కృతంలో రచించిన 'ప్రతాపరుద్రీయం' ఓరుగల్లు ప్రభువును వేనోళ్ళ కీర్తిస్తుంది. ఆ ప్రభువుల సేనతో పోరాడిన సమ్మక్క మాత్రం జనుల నాలుకల మీదనే నిలిచింది. ఆస్థానంలో కవి ఉన్నవారి కథ తాళపత్రాలకు ఎక్కింది. ఆస్థానమే లేనివారి కథ అడవిలో పాటగా మిగిలింది. అందుచేత పుస్తకం చేతికి తీసుకున్నప్పుడు ఇందులో ఎవరున్నారని అడిగినట్లే, ఎవరు లేరని కూడా అడగడం మంచి చదువరికి ఉండవలసిన అలవాటు.

తెలుగు అధ్యాపకుడు ఆ అమ్మాయికి కళాశాల గ్రంథాలయం నుండి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఇప్పించాడు. మొదట ఆమెకు అది కష్టమనిపించింది. రాత్రి భోజనం ముగిసిన తరువాత పది పుటలు మాత్రమే చదవాలని నియమం పెట్టుకున్నది. తెలియని మాటలను ఒక నోటు పుస్తకంలో ఎడమ పుటలో రాసుకున్నది. చదువుతుండగా పుట్టిన ప్రశ్నలను కుడి పుటలో రాసుకున్నది. నెల రోజులయ్యేసరికి ఎడమ పుటలో మాటలు తగ్గాయి. కుడి పుటలో ప్రశ్నలు పెరిగాయి.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ నోటు పుస్తకం కూడా వెంట తీసుకుపోయింది. సమ్మక్క కథను ఎన్నోమార్లు విన్నదే అయినా, ఈసారి ప్రశ్నలు వేస్తూ విన్నది. జాతరలో కొన్న చిన్న పుస్తకంలో కరువును గురించి రెండే వాక్యాలు ఉన్నాయి. నాయనమ్మ నోట ఆ కరువు చాలాసేపు సాగింది. వానలు లేనినాడు అడవిలో ఏ గడ్డలు తవ్వుకోవాలో, వాటిని ఎలా ఉడికించాలో, ఇప్పపువ్వును ఎండబెట్టి ఎట్లా దాచుకోవాలో ఆమె వివరంగా చెప్పింది.

"కప్పం ఎందుకు కట్టలేదు నాయనమ్మా?" అని మనుమరాలు అడిగింది.

"తిననీకే గింజ లేదు బిడ్డా. లేనిది ఎట్ల కడ్తరు?" అన్నది నాయనమ్మ.

ఆ ఒక్క మాటతో అమ్మాయికి కథలోని పోరు కొత్తగా అర్థమయింది. రాజుకు అది రావలసిన బాకీ. గూడేనికి అది రాత్రి పొయ్యి వెలగని సంగతి. ఇన్నాళ్ళూ కథగా విన్నది ఆమెకు మొదటిసారి చరిత్రగా కనిపించింది. అయితే ఒకచోట నాయనమ్మ ఆగిపోయింది. డోలి వాళ్ళు పాడే పాటలో ఒక చరణం ఎంత తలచుకున్నా ఆమెకు గుర్తు రాలేదు. "మా అమ్మకు తెలుసు" అన్నది. ఆ అమ్మ పోయి చాలా ఏండ్లయింది. మనుమరాలు ఆ చోట రెండు గీతలంత ఖాళీ వదిలి, తరువాతి మాట రాసుకున్నది.

సెలవుల తరువాత ఆమె తన వ్యాసాన్ని మళ్ళీ రాసి ఇచ్చింది. అందులో రెండు పుస్తకాల ప్రసక్తి ఉన్నది. ఒకటి గ్రంథాలయం ఇచ్చినది. రెండవది తన చేతిరాతలో ఉన్న నోటు పుస్తకం. 'మొదటి పుస్తకం చదవకపోతే రెండవది రాయాలని నాకు తోచేది కాదు. రెండవది వినకపోతే మొదటిది నాకు అర్థమయ్యేది కాదు' అని ఆమె రాసింది. అధ్యాపకుడు ఆ వాక్యం కింద గీత గీశాడు. వదిలిపెట్టిన ఖాళీ ఏమిటని అడిగాడు. వచ్చే జాతరకు డోలి కళాకారులు వస్తారని, వారిని అడిగి నింపుతానని ఆమె బదులు చెప్పింది.

సమ్మక్క సారలమ్మల పేరిట ములుగులో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పాటుకు 2023లో పార్లమెంటు ఆమోదం తెలిపింది. రేపటి రోజున అక్కడ గొప్ప గ్రంథాలయం వెలుస్తుందని ఆశించడం సహజం. దాని అరలలో ఏ పుస్తకాలు చేరుతాయన్నది మాత్రం నేటి విద్యార్థుల చదివే అలవాటు మీద ఆధారపడి ఉంటుంది. రోజుకు పది పుటలు చదవడం, చదివినదాన్ని ప్రశ్నించడం, ఇంటిలోని పెద్దలను అడిగి వారి మాట రాసిపెట్టడం ధనంతో పని లేని అలవాట్లు. వీటికి కావలసినది కొంత ఓపిక, ఒక నోటు పుస్తకం. అవ్వలకు జ్ఞాపకం ఉన్నప్పుడే అడగాలి. ఆలస్యమైన కొద్దీ ఖాళీ గీతల సంఖ్య పెరుగుతుంది.