మెట్ల ఊళ్లో భోజనాల వేళ

షిమ్లాలో దిగగానే మా బృందంలో పెద్దవాళ్లు అడిగే మొదటి మాట, "అమ్మాయీ, హోటలు ఇక్కణ్ణించి ఎంత దూరం?" అని. నేను దూరం చెప్పను. "ఇప్పుడు మనం కార్ట్ రోడ్డు మీద ఉన్నామండీ. హోటలు దీనికి కాస్త పల్లంలో ఉంది. బజారు మాత్రం నెత్తిమీద ఉంది" అంటాను. మాది కాకినాడ. యాత్రా బృందాలను వెంటబెట్టుకుని తిప్పే టూర్ మేనేజరు పని నాది. నాతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది రిటైరైన మాస్టార్లు, బ్యాంకుల్లో పనిచేసి దిగినవాళ్లు, వాళ్ల ఇల్లాళ్లు. గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లకి అరకిలోమీటరు అంటే వీధి చివరి కొట్టు. షిమ్లాలో అదే అరకిలోమీటరు కొన్నిచోట్ల గంట పని. అందుకే మొదటిరోజు సాయంత్రం కాఫీ తాగుతున్నప్పుడే ఒక కాగితం మీద ఊరిని గీసి చూపిస్తాను.

ఆ బొమ్మలో ఉండేది అడ్డగీతలే. అన్నిటికంటే పైన రిడ్జ్ అనే విశాలమైన మైదానం, దాని పక్కన పసుపు రంగు క్రైస్ట్ చర్చి. ఆ కింద మాల్ రోడ్డు. దాని కింద మిడిల్ బజారు, ఇంకా కింద లోయర్ బజారు. అన్నిటికీ అడుగున కొండ చుట్టూ తిరిగే కార్ట్ రోడ్డు. బస్సులు, కార్లు అక్కడే ఆగిపోతాయి. ఈ గీతల్ని కలిపేవి మెట్లు, ఏటవాలు సందులు. ఒక గీత మీద ఎంతసేపు నడిచినా ఎవరికీ పెద్దగా కష్టం ఉండదు. అలుపంతా గీత మారేటప్పుడే. రోజు మొత్తంలో ఎన్నిసార్లు గీత మారాలో ముందే లెక్క వేసుకోవడం నా పనిలో సగం.

రిడ్జ్ మీదికి, మాల్ రోడ్డు మీదికి మామూలు వాహనాల్ని రానివ్వరు. ఇది చాలామందికి మొదట రుచించదు. "డబ్బులిస్తాం, టాక్సీ పైకి రాదా?" అని అడుగుతారు. రాదు. రాకపోవడం వల్లే ఆ ఊళ్లో ఇంకా నడిచే సుఖం మిగిలింది. కార్ట్ రోడ్డు నుంచి మాల్ మీదికి టూరిజం కార్పొరేషన్ నడిపే లిఫ్టు ఉంది. రెండు అంచెల్లో ఎక్కాలి: ఒక లిఫ్టు దిగి, వసారాలాంటి దారిలో నాలుగడుగులు వేసి, రెండో లిఫ్టు ఎక్కాలి. మే, జూన్‌లలో అక్కడ పెద్ద క్యూ ఉంటుంది. అందుకే మా వాళ్లను పొద్దున్నే, టిఫిన్లు కాగానే పైకి చేరుస్తాను. ఆ నెలల్లో కార్ట్ రోడ్డు మీద, ముఖ్యంగా విక్టరీ టన్నెల్ దగ్గర, కార్లు కదలవు. బండిలో కూర్చుని ఆయాసపడేకంటే దిగి నడిస్తే ముందు చేరతాం.

సామాన్ల సంగతి వేరు. మాల్ పక్కనున్న హోటళ్లకి పెట్టెలు మోసేది కూలీలు. వాళ్లలో చాలామంది కాశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. తాడు కట్టి వీపు మీద రెండు మూడు సూట్‌కేసులు వేసుకుని, నడుం వంచి, అడుగు మీద అడుగు వేసుకుంటూ ఎక్కుతారు. కూలి ముందే మాట్లాడి నేనే ఇస్తాను, నా బృందం చేత బేరం ఆడనివ్వను. పచ్చడి జాడీలు, చక్రాల డబ్బాలు నింపుకుని ఇరవై కిలోల పెట్టె తెచ్చి, ఇంకొకరి వీపు మీద పెట్టాక పది రూపాయలు తగ్గించమనడం నాకు సహించదు.

పెద్దవాళ్లందరూ ఎక్కడానికి భయపడతారు. నేను దిగడానికి భయపడతాను. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే ఆగుతారు, నీళ్లు తాగుతారు. దిగేటప్పుడు తేలిగ్గా ఉందని వడివడిగా నడుస్తారు. ఆ భారమంతా మోకాళ్ల మీద పడి, రాత్రికి మంచం దిగలేరు. కాబట్టి దిగేటప్పుడు నేను ముందు నడుస్తాను, ఎవరినీ నన్ను దాటనివ్వను. ఏటవాలు రోడ్డు మీద తిన్నగా కాకుండా కాస్త వంకరగా, ఈ అంచు నుంచి ఆ అంచుకి నడవమంటాను. చీరల మీద స్పోర్ట్స్ బూట్లు బాగుండవని మొదట మొహమాటపడిన పిన్నిగార్లు రెండో రోజు నుంచి వాటిని వదలరు.

ఇక భోజనాలు. మన వైపు బృందాలతో వంటవాణ్ణి తీసుకెళ్లే అలవాటు పాతది. మేమూ తీసుకెళ్తాం. పొద్దున ఉప్మా, రాత్రి చారు, పెరుగన్నం దొరికితే మా వాళ్లకి ఎంత దూరమైనా ధైర్యంగానే ఉంటుంది. అయితే ఆ ఎత్తులో వంట మన ఇళ్లలో జరిగినట్టు జరగదు. షిమ్లా సముద్రమట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తులో ఉంది. నీళ్లు 100 డిగ్రీల దాకా పోకుండా 93 దగ్గరే మరిగిపోతాయి. తెరిచిన గిన్నెలో కందిపప్పు ఇంట్లో ఉడికించినంతసేపు ఉడికించినా బద్దగానే ఉంటుంది, అన్నం మెతుకు లోపల పలుకు మిగులుతుంది. కొత్తగా వచ్చిన వంటవాళ్లు గ్యాస్ మంట తక్కువైందనుకుంటారు. పప్పుకీ అన్నానికీ ప్రెషర్ కుక్కరే వాడాలి, బియ్యం ముందుగా నానబెట్టుకోవాలి.

మధ్యాహ్న భోజనం మాత్రం హోటల్లో పెట్టను. నా పనిలో నేను గట్టిగా పట్టుబట్టే విషయం ఇది. పొద్దున రిడ్జ్ మీదికి ఎక్కించినవాళ్లను పన్నెండింటికి అన్నం కోసం కార్ట్ రోడ్డు కిందకి దింపి, మళ్లీ మూడింటికి ఎక్కించడమంటే ఒకే రోజులో ఆ కొండను రెండుసార్లు ఎక్కించడమే. ఇక సాయంత్రం చూడటానికి వాళ్లలో ఓపిక ఉండదు. కొండ ఊళ్లో ఎక్కడున్నామో అక్కడే తినాలి. ఏం తినాలన్నది దాని తర్వాతి సంగతి. మొదట్లో గొణుగుతారు, "మన వంటవాడున్నాడు కదమ్మా" అంటారు. అప్పుడు లోయర్ బజారుకి తీసుకెళ్తాను.

షిమ్లాలో మెట్లు దిగేకొద్దీ భోజనం ధర కూడా దిగుతుంది. మాల్ మీద కిటికీ పక్క బల్ల, లోయ కనిపించే అద్దాలు అన్నిటికీ బిల్లులో వాటా ఉంటుంది. ఒక్క గీత కిందికి దిగితే, సన్నని ఢాబాల్లో వేడివేడి రాజ్మా, అన్నం, కడీ, పెనం మీంచి నేరుగా వచ్చే రొట్టెలు. మజ్జిగపులుసు తినేవాళ్లకి కడీ కొత్త వంట కాదు, పకోడీలు వేసిన చుట్టమే. ఊరుగాయ సీసా మా సంచిలో ఉండనే ఉంటుంది. దోసె కావాలని మరీ పట్టుబట్టినవాళ్లను మాల్ మీది ఇండియన్ కాఫీ హౌస్‌కి తీసుకెళ్తాను. 1950లలో కాఫీ బోర్డు తన కాఫీ హౌసుల్ని మూసేస్తుంటే, పని పోయిన కార్మికులు ఎ.కె. గోపాలన్ అండతో సహకార సంఘాలుగా ఏర్పడి నిలబెట్టుకున్న సంస్థ అది. అక్కడి సాంబారు మన సాంబారు కాదు. కానీ పాత బల్లలు, తలపాగా చుట్టిన సర్వర్లు, పొద్దుటి నుంచి రాజకీయాలు మాట్లాడుకునే స్థానికుల మధ్య కాసేపు కూర్చోవడమే ఓ అనుభవం.

సాయంత్రం చలి మొదలయ్యే వేళకి సిడ్డు తినిపిస్తాను. గోధుమపిండిని పులియబెట్టి, లోపల నూరిన మినప్పప్పో అక్రోటు ముద్దో గసగసాలో పెట్టి, ఆవిరి మీద ఉడికిస్తారు. వేడిగా ఉన్నప్పుడే కోసి, పైన నెయ్యి పోసి, ఆకుపచ్చ చట్నీతో ఇస్తారు. ఇడ్లీ, కుడుము తిని పెరిగినవాళ్లకి ఆవిరి వంట గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక అత్తగారు ముక్క తుంచి వాసన చూసి, "పిండి రాత్రి కలిపినట్టున్నారే" అన్నారు. నేను హిందీలో అడిగితే కొట్టావిడ నవ్వి అవునంది. ఆ ఇద్దరికీ మధ్య ఆ తర్వాత పావుగంట నేను మాటలు మోయవలసి వచ్చింది. వంట గురించి ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే వినడం నాకు ఈ వృత్తి ఇచ్చిన పెద్ద సంతోషం.

జాఖూ కొండ మీది హనుమంతుడి గుడికి పొద్దున్నే వెళ్లాలి. అది 2,455 మీటర్ల ఎత్తు, ఊళ్లో అన్నిటికంటే మెరక. 2010లో పెట్టిన 108 అడుగుల విగ్రహం రిడ్జ్ మీంచే దేవదారు చెట్ల పైన కనిపిస్తుంది. మా వాళ్లు వెంటనే "మన పరిటాల ఆంజనేయుడు 135 అడుగులు" అంటారు, నిజమే. అక్కడికి రోప్‌వే ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను అందులోనే పంపుతాను. నడిచి వెళ్లే దారి చిన్నదే గానీ నిటారుగా ఉంటుంది. అసలు జాగ్రత్త కోతుల దగ్గర. అవి కొబ్బరి ముక్క కంటే ముందు కళ్లజోడు లాక్కుంటాయి, ఏదైనా తినేది ఇస్తేనే వదులుతాయి. చూపు తక్కువైన పెద్దాయనకి ప్రయాణం మధ్యలో కళ్లజోడు పోతే ఆ తర్వాతి రోజులన్నీ పోయినట్టే. గుడి మెట్ల దగ్గరే అందరి కళ్లజోళ్లు తీయించి సంచిలో పెట్టించి, చెయ్యి పట్టుకుని నడిపిస్తాం.

ఊరి దగ్గర్లోని కుఫ్రీలో గుర్రాల సవారీకి నేను ఎక్కువ సమయం ఇవ్వను. ఆ పూట వైస్రాయ్ భవనానికి ఇస్తాను. 1888లో పూర్తయిన ఆ రాతి భవనాన్ని రూపొందించిన హెన్రీ ఇర్విన్, మన వాళ్లు ఎప్పుడో చూసి వచ్చిన మైసూరు ప్యాలెస్‌ను కూడా రూపొందించినవాడే. 1945 నాటి షిమ్లా సమావేశం జరిగింది ఆ గదుల్లోనే. స్వాతంత్ర్యం వచ్చాక అది రాష్ట్రపతి విడిది అయింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతిగా ఉన్నప్పుడు, 1965లో, పండితుల పరిశోధనకు దాన్ని ఇచ్చేశారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన మాస్టార్లు, ఒకప్పటి తమ వైస్ ఛాన్సలర్ చేసిన పని అని తెలిశాక ఆ పచ్చిక మీద కాస్త నిటారుగా నడుస్తారు.

నీళ్ల విషయంలోనూ నేను కఠినంగా ఉంటాను. షిమ్లాకి పక్కన నది లేదు. ఎక్కడో లోయల్లోని వాగుల నుంచి కొండ మీదికి నీళ్లు తోడాలి. అందరూ తిరిగే రిడ్జ్ మైదానం కింద బ్రిటిష్ కాలంలో కట్టిన నీళ్ల ట్యాంకు ఉంది. 2018 వేసవిలో ఊరికి నీళ్లు చాలక, స్థానికులు ట్యాంకర్ల ముందు బిందెలతో నిలబడ్డారు, పర్యాటకుల్ని రావద్దని వేడుకున్నారు. 2011 జనాభా లెక్కల్లో లక్షా 70 వేల మంది ఉన్న ఊరికి సీజనులో మనమంతా అదనం. అందుకే బకెట్ నీళ్ల స్నానం, ఒకే జత బట్టలు ఉతుక్కోవడం అని మొదటిరోజే చెప్తాను. ఎవరూ నొచ్చుకోలేదు. నీటి కటకట తెలియని ఇల్లు మన దగ్గరా లేదు కదా.

చివరి రోజు మధ్యాహ్నం ధామ్ పెట్టిస్తాం, ముందుగా చెప్పి చేయించుకుంటాం. హిమాచల్ పెళ్లిళ్లలో, పండుగల్లో పెట్టే విందు అది. బోటీలనే బ్రాహ్మణ వంటవాళ్లు ఇత్తడి పాత్రల్లో కట్టెల పొయ్యి మీద వండుతారు. సంప్రదాయం ప్రకారం ఉల్లి, వెల్లుల్లి పడవు. నేలమీద బంతిగా కూర్చుని, ఆకు విస్తట్లో తినాలి. అన్నం చుట్టూనే భోజనమంతా నడుస్తుంది: పెరుగుతో చేసిన శనగల మద్రా, పాలకూరలో ఉడికిన మినప వడియాల సేపూ బడీ, పప్పు, పుల్లగా ఉండే ఖట్టా, ఒకదాని తర్వాత ఒకటి వడ్డిస్తూ వస్తారు. మండీ వైపు పద్ధతిలో తీపి బూందీ ముందే వడ్డిస్తారు. మన బంతుల్లోనూ తీపి ముందే కదా అని పెద్దవాళ్లు మురిసిపోతారు. వారం రోజులుగా వంటవాడి చారు లేకపోతే ముద్ద దిగదన్నవాళ్లు మద్రా రెండోసారి వేయించుకుంటారు. వంటవాడికి ఆ పూట సెలవు, అతనూ మా పక్కనే కూర్చుని తింటాడు. రాత్రికి పలచని మజ్జిగ కలిపితే చాలు.